ఓడినవాళ్ళ కుంచె

ఆ వానాకాలంలో మా బావ మీద నాకు పుట్టిన కసి ఇప్పటికీ చల్లారలేదు. చల్లారాలని నేను అనుకోవడమూ లేదు. కొందరి మీద కోపం దాచుకోవడం ఒంటికి మంచిదని నా అభిప్రాయం. నాకైతే పనిలో చెయ్యి వణకదు.

మాది బోర్డులు రాసే ఇల్లు. దుకాణాల పేర్లకు నాన్న గీతలు గీస్తే, అక్షరాల లోపల రంగు నింపడం నా పని. వానలు మొదలైతే బయటి పని ఆగిపోతుంది, తడిగోడ రంగు పట్టదు. అందుకని మా ఇంట్లో వానాకాలమంటే ఆట కాలం.

ఆ ఆట నాన్న తయారుచేసిందే. చిన్నప్పుడు నేనూ అక్కా కొట్టుకుని ఇల్లు పీకి పందిరేసేవాళ్ళం. ఒకసారి నేను నిద్రలో ఉన్న అక్క జడ కత్తిరించాను. అది నా కొత్త చెప్పుల నిండా పచ్చ రంగు పోసింది. ఆ రోజు నాన్న మమ్మల్ని ఏమీ అనలేదు. ఎవరో వద్దని తిప్పి పంపిన రేకు బోర్డు వెనక్కి తిప్పి, దాని మీద ఒక దేశం వేశాడు. ఒక నది, రెండు కోటలు, అడవి, సంత, అవతలి ఒడ్డున ఉప్పు నిలవ ఉంచే కొటారు. రంగు ట్యూబుల మూతలే మా మనుషులు. ఆటకు ముందు ఒక్కొక్కరం డబ్బాలో చెయ్యి పెట్టి ఒక బిళ్ళ తీయాలి. రాజు, దొంగ, పడవవాడు, వర్తకుడు, వైద్యురాలు. ఏ వేషం వస్తే ఆట అయ్యేదాకా ఆ మనిషే, ఆ మనిషిలాగే మాట్లాడాలి కూడా. రాజుకి కోటలు కావాలి, వర్తకుడికి ఉప్పు సంతకి చేరాలి, పడవవాడికి అందరూ తన పడవే ఎక్కాలి. దొంగకి ఏదైనా పరవాలేదు. నిన్న రాజుగా చూసిన నదిని ఇవాళ పడవవాడిగా చూస్తే అది వేరే నది.

ఇంతవరకే అయితే మాకు నాలుగు రోజుల్లో విసుగొచ్చేదే. కానీ నాన్న ఇంకో నియమం పెట్టాడు. ఆట అయిపోయి సర్దుకునేటప్పుడు, అందరికన్నా వెనకబడినవాళ్ళు కుంచె తీసుకుని ఆ దేశంలో ఏదో ఒకటి మార్చాలి. ఒక్కటే. వంతెన చెరపొచ్చు, నదిని వంచొచ్చు, అడవిలో బాట వేయొచ్చు. ఆ రంగు ఆరాకే మళ్ళీ ఆట. గెలిచినవాళ్ళకి అప్పుడక్కడ పనిలేదు. లేచి వెళ్ళి కాళ్ళు చాపుకోవచ్చు.

"ఓడినవాడు ఊరికే పోకూడదే," అనేవాడు నాన్న. "ఏదో ఒకటి మార్చి పోవాలి. అప్పుడే రేపు మళ్ళీ వస్తాడు."

మా పగలన్నీ ఆ రేకు మీదే తీరేవి. అక్క సంతలో నన్ను ముంచితే, నేను కుంచె పట్టి సంత ముందు ఇంత బురద వేసేదాన్ని. మర్నాడు అక్క వర్తకుడి వేషంలో అందులో దిగబడుతుంటే నా ప్రాణం చల్లబడేది. మూడో రోజు దొంగ వేషంలో పారిపోతూ అదే బురదలో నేను చిక్కుకునేదాన్ని. రంగు మీద రంగు పడి ఆ రేకు కొన్ని చోట్ల చేతికి తగిలేంత ఎత్తు లేచింది. ఇన్నేళ్ళలో మేం ఒకే దేశంలో రెండుసార్లు ఆడలేదు.

అక్కకి పెళ్ళయి బావ వచ్చాడు. అతనిది అచ్చు పని. పెద్ద యంత్రాలు, మెరిసే కాగితాలు, మెరిసే మాటలు. మొదటిసారి ఆటకి కూర్చుని ఓడిపోబోతున్నానని తెలియగానే అతని మొహం బిగుసుకుపోయింది. మధ్యలోనే లేచి, తలనొప్పని చెప్పి, భోజనం కూడా చేయకుండా అక్కని తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అక్క కొన్నాళ్ళు మా ఇంటివైపు రాలేదు.

"ఆయన్ని ఓడించకండర్రా," అంది అమ్మ. "ఇక్కడ ఓడితే దాన్ని అక్కడ సాధిస్తాడు."

అప్పట్నుంచి అతన్ని గెలిపించడం మా ఇంటి పని అయింది. అదేం చిన్న విద్య కాదు. ఓడుతున్నట్టు తెలియకుండా ఓడాలి, మధ్యమధ్య అయ్యో అనాలి. అతను గెలిచేవాడు, ఒళ్ళు విరుచుకునేవాడు, ఫోన్ పట్టుకుని వసారాలోకి నడిచేవాడు. అతను అటు వెళ్ళాక మాలో వెనకబడినవాళ్ళు కుంచె తీసుకునేవాళ్ళం. మేం దాచాలనుకోలేదు. అతనే ఎప్పుడూ వెనక్కి తిరిగి చూడలేదు. తర్వాత వచ్చినప్పుడు మాత్రం బోర్డు చూసి నవ్వేవాడు.

"మళ్ళీ మార్చారా? మామయ్యకి ఒక మాట మీద నిలబడ్డం రాదు."

ఇలా మూడు నాలుగు వానాకాలాలు గడిచాయి. నేను చెప్పేది ఆ తర్వాతి వానాకాలం గురించి.

మొదటి వానలు పడిన వారం నాకు బొమ్మల కొట్లో పని దొరికింది. లోపలి గోడ మీద పెద్ద అక్షరాలు రాయాలి. నిచ్చెన ఎక్కి రంగు నింపుతూ కిందికి చూస్తే, అద్దాల అరలో ఒక కొత్త పెట్టె. మూత మీద ఒక నది. ఆ నదిని నేనెక్కడైనా గుర్తుపడతాను. కోట దగ్గర దానికొక వంకర ఉంది. అక్క పన్నెండేళ్ళప్పుడు నా మీద కోపంతో వేసిన వంకర అది. దిగి, పెట్టె వెనక్కి తిప్పాను. చేతులు కట్టుకుని నవ్వుతున్న బావ ఫోటో. కింద ఒక మాట: 'ఇది నా చిన్ననాటి కల.'

నా ఒళ్ళు భగ్గుమంది. మా పడవవాడు, మా ఉప్పు కొటారు, మా దొంగ. అతని చిన్నతనంలోకి మేమంతా ఎప్పుడు దూరామో తెలియలేదు.

"తెలిసినాయనా అమ్మా?" అన్నాడు కొట్టాయన.

"మా అక్క భర్తండీ."

"అదృష్టవంతులు."

ఆ పెట్టె తీసుకుని తడుస్తూ ఇంటికి వచ్చాను. నాన్న కళ్ళజోడు పెట్టుకుని మూత తీశాడు. అచ్చు వేసిన నది మీద వేలు పెట్టి, చివరిదాకా నడిపించాడు.

"నీలం బాగా పడింది," అన్నాడు.

అంతే. ఆ తర్వాత నియమాల కాగితం ముందూ వెనకా చదివి, మళ్ళీ చదివి, తల ఎత్తాడు. "ఓడినవాళ్ళ కుంచె గురించి లేదేంటే?"

"అతనికి తెలిస్తేగా ఉండటానికి," అన్నాను.

నాన్న లేచి గోడకి ఆనించి ఉన్న రేకు బోర్డుని తిప్పి పెట్టేశాడు. దేశం గోడవైపుకి పోయింది. వాన కురుస్తూనే ఉంది, ఆట మాత్రం లేదు. ఆయన కిటికీ దగ్గర కూర్చుని, శుభ్రంగా ఉన్న కుంచెల్నే మళ్ళీ మళ్ళీ కడుగుతుంటే నాకు ఏడుపొచ్చేది, ఏడుపు కన్నా ముందు కోపమొచ్చేది.

"ఏమన్నా అంటావా, అనవా నాన్నా?"

"అంటే మీ అక్క గతేంటే?"

ఆ ఆదివారం బావే వచ్చాడు, చేతిలో పెట్టెతో. తేలు కుట్టిన దొంగలా వస్తాడనుకున్నాను. ఎక్కడా! బహుమతి ఇస్తున్నవాడిలా నవ్వుతూ వచ్చాడు.

"మీకు చూపించి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను మామయ్యా. ఇంట్లో ఆటేగా, మనలో మనకి నీదీ నాదీ ఏముంది? మీరు రోజుకోలా మారుస్తుంటే ఎవరో ఒకరు దాన్ని ఒక దారిలో పెట్టాలిగా. పోయినేడు గెలిచిన రోజు నేను ఫోటో తీసుకున్నాను. అదే ఖాయం చేశాను. తప్పులన్నీ తీసేశాను."

తప్పులన్నీ తీసేశాడట! నేను పళ్ళు కొరుక్కుంటూ వంటింట్లోకి పోయాను. కానీ అక్కడ నిలబడగానే ఒక సంగతి తట్టింది. అతను తప్పులనుకుని తీసేసింది దేన్ని? ఆ ఆట ఊపిరినే. ఇంక నేను దాని గొంతు నులమక్కర్లేదు, అది చచ్చిపోయే ఉంది. ఆ సంగతి నలుగురికీ తెలిసేలా చేస్తే చాలు.

మర్నాటి నుంచి బొమ్మల కొట్లో నా పని నత్తనడక నడిచింది. మధ్యాహ్నం పూట ఎవరు ఆ పెట్టె చేతిలోకి తీసుకున్నా, నిచ్చెన దిగి, "ఒక ఆట ఆడదామా అండీ?" అనేదాన్ని. అతను ఫోటో తీసిన దేశంలో ఉప్పు కొటారు నుంచి సంతకి నేరుగా ఒక వంతెన ఉంది. ఆ వంతెన ఉన్నంతకాలం వర్తకుణ్ణి ఆపడం ఎవరి తరమూ కాదు. మా ఇంట్లో అయితే అది ఒక్క రోజు బతికింది. అతను ఫోటో తీసుకుని బయటికి వెళ్ళగానే అక్క దాన్ని చెరిపేసింది. అచ్చు వేసిన కాగితం మీద ఎవరు చెరుపుతారు? నాకు వర్తకుడు వస్తే గెలిచేదాన్ని. ఎదుటివాళ్ళకి వస్తే ఎలా గెలవాలో నేనే నేర్పేదాన్ని. కొత్తలో చప్పట్లు కొట్టినవాళ్ళే కొన్నాళ్ళకి బిళ్ళలు తీయగానే వర్తకుడు ఎవరికొచ్చిందో చూసి, "అయిపోయింది, తీసెయ్," అనడం మొదలుపెట్టారు. కదలని దేశంలో దారి ఒక్కసారి దొరికితే చాలు, ఇంక వెతకడానికి ఏమీ మిగలదు.

కొట్టాయన నన్ను అనుమానంగా చూశాడు. "నువ్వు దీనికి ప్రచారం చేస్తున్నావా, పాడు చేస్తున్నావా?"

"ఆడిస్తున్నానండీ. ఆడితే పాడయ్యేది ఆటెలా అవుతుంది?"

ఆయన ఆలోచించి, ఆ అర ఖాళీ చేసి పెట్టెలన్నీ తిప్పి పంపాడు. ఒకరిని చూసి ఒకరు మిగతా కొట్లవాళ్ళూ పంపారు. వానలు ముదిరేసరికి అక్కావాళ్ళ ముందుగదిలో మనిషి నడిచే చోటు లేకుండా పెట్టెలు పేరుకున్నాయని అమ్మ చెప్పింది. నేను ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

అప్పుడు అక్క వచ్చింది. తడిసిన గొడుగు మూల పెట్టి, నా పక్కన రంగు డబ్బా మీద కూర్చుంది. నేను రంగు కలుపుతూనే ఉన్నాను.

"పెద్ద కొట్లవాళ్ళు ఎవరో వచ్చారు," అంది. "మళ్ళీ మళ్ళీ ఆడాలనిపించేలా చేసిస్తే అన్ని ఊళ్ళల్లోనూ పెడతామన్నారట. మనం ఇన్నేళ్ళు విసుగులేకుండా ఎలా ఆడామో కనుక్కోమన్నారు మీ బావ."

"నీకు తెలీదా?"

"తెలుసు."

"మరి చెప్పెయ్యకపోయావా?"

"ఆయన నన్నడగలేదే. నిన్నడగమన్నారు."

నేను రంగు కలపడం ఆపి దాని మొహంలోకి చూశాను. అందులో ఏమీ దొరకలేదు. పెళ్ళయినప్పట్నుంచి అంతే, అక్క మొహం తలుపు వేసిన ఇల్లు.

"పెట్టె మీద ఆ మాట రాసేటప్పుడు నువ్వెక్కడున్నావ్?" అన్నాను.

"పక్కనే. 'చిన్ననాటి కల' అంటే బాగుంటుందా అని అడిగారు."

"ఏమన్నావ్?"

"బాగుంటుందన్నాను."

"నది వంకర నువ్వు వేసింది! నీ చిన్నతనమే తీసుకెళ్ళి నీ ఎదురుగా అమ్ముకుంటుంటే బాగుంటుందన్నావా? పో అక్కా. పోయి చెప్పుకో. నీ ఇంట్లో పెట్టెలు నువ్వే సర్దుకో."

అక్క లేచింది. గొడుగు తీసుకుంటూ, "ఆయనే వస్తారట. పాత బోర్డు మీద ఒక ఆట ఆడి చూస్తారట," అని వెళ్ళిపోయింది. అక్క అతనికి చెప్పేస్తుందని నాకు నమ్మకం కుదిరింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ ఒక్క మాట అతని చేతికి అందితే ఇంక ప్రతి కొట్లోనూ అతని ఫోటో నవ్వుతూ ఉంటుంది. నాన్న ఈ కిటికీ దగ్గర కుంచెలు కడుగుతూనే ఉంటాడు.

బావ వచ్చిన సాయంత్రం జల్లుగా వాన. నాన్న గోడవైపున్న బోర్డు తిప్పి, తడిగుడ్డతో దుమ్ము తుడిచి కింద పరిచాడు. ఆడతానన్నవాణ్ణి ఆయన కాదనడు. అలవాటు ప్రకారం కుంచె టర్పెంటైన్‌లో ముంచి, తుడిచి, కిటికీ గట్టు మీద పెట్టాడు.

వంటింట్లో అమ్మ టీ వడకడుతోంది. "అమ్మా, ఇవాళ అతన్ని ఓడిస్తాను," అన్నాను. "నువ్వడ్డం రాకు."

అమ్మ గ్లాసులు పళ్ళెంలో పెట్టి, "ఓడించు. కళ్ళారా చూస్తాను," అంది.

అమ్మే ఆ మాట అన్నాక నాకింక పట్టపగ్గాల్లేవు.

బిళ్ళలు తీశాం. బావకి రాజు, నాకు దొంగ, అక్కకి పడవవాడు, నాన్నకి వర్తకుడు, అమ్మకి వైద్యురాలు. "వంతెన ఏదీ?" అన్నాడు బావ. అమ్మ టీ గ్లాసు అతని ముందుకి జరిపింది. వంతెన లేని ఆ దేశంలో రాజు నది దాటాలంటే పడవవాణ్ణి బతిమాలుకోవాలి. బావకి బతిమాలడం రాదు, ఆజ్ఞాపించడమే వచ్చు. "ఏయ్ పడవా, ఇటు రా," అంటున్నాడు. పడవ నింపాదిగా వస్తోంది. ఈలోగా నేను అడవిలోంచి వెళ్ళి అతని మొదటి కోట దోచేశాను. సైన్యాన్ని చిత్తడిలోకి లాగాను. ఇన్నేళ్ళ అయ్యోలకీ ఆ సాయంత్రం లెక్క తేల్చాను. అతని మాటలు తగ్గిపోయాయి. మొహం మొదటి ఆట రోజులాగే బిగుసుకుంది. ఇంకొక్క ఎత్తు, రెండో కోట కూడా నాదే. రాజు అందరికన్నా కింద ఉంటాడు.

నా ఎర్రమూత పైకి తీశాను. సుఖమంటే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఇంకాస్సేపు ఉంచుకుందామని చెయ్యి గాల్లోనే ఆపి, అందరి మొహాలూ చూసుకున్నాను. నాన్న కిటికీ గట్టు వైపు చూస్తున్నాడు. అక్కడ కుంచె ఉంది.

నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఇతను ఓడితే కుంచె ఇతనిది. నాన్న ఇస్తాడు. శత్రువైనా సరే, 'మీ వంతు బాబూ' అని చేతిలో పెడతాడు. ఆయన నియమం తప్పడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఇన్నాళ్ళూ ఇతను ఏ మాట కోసం వెతుకుతున్నాడో, ఆ మాట నా గెలుపే ఇతనికి చెప్పేస్తుంది. ఒక్కసారి ఓడితే చాలు, ఇతనికి ఆట మొత్తం తెలిసిపోతుంది.

మూతని తీసుకెళ్ళి అడవిలో ఎందుకూ పనికిరాని చోట పెట్టాను.

"అయ్యో," అన్నాను. ఇన్నేళ్ళలో నేను మనస్ఫూర్తిగా అన్న అయ్యో అదొక్కటే. అమ్మ నా వైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. బావ ఊపిరి పీల్చుకుని కోట నిలబెట్టుకున్నాడు. అప్పుడు అక్క, ఎవరూ తోయకుండానే, నిండుగా మా మనుషులున్న తన పడవని తీసుకెళ్ళి సుడిగుండంలో పెట్టింది. రాజుకి అడ్డే లేకుండా పోయింది. అతనికి దాసోహం అనేసిందే అనుకున్నాను. ఆ క్షణం దాని చెంప పగలగొట్టాలనిపించింది.

బావ గెలిచాడు. కానీ ఈసారి లేవలేదు. బోర్డు మీదికి వంగాడు.

"ఇందులో ఏదో ఉంది. మామయ్యా, పోయినసారి ఇక్కడ వంతెన ఉండాలి. ఎందుకు తీసేశారు?"

నాన్న అబద్ధం చెప్పడు. నోరు తెరిచాడు.

"అది నేను చెరిపానండీ," అంది అక్క.

"నువ్వా? ఎందుకు?"

"ఓడిపోయి, కోపమొచ్చి."

బావ పకపకా నవ్వి తొడ చరుచుకున్నాడు. "కోపమొస్తే వంతెనలు చెరిపేస్తారా మీ ఇంట్లో?"

"అవునండీ. చిన్నప్పట్నుంచీ."

"విన్నారా మామయ్యా! నేనేమో పెద్ద రహస్యం ఉందనుకుంటుంటే..." ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. అక్క ఉన్నదున్నట్టు, కళ్ళలోకి చూస్తూ చెప్పింది. అతని చెవుల్లోకి అది పోలేదు. అక్క నోటినుంచి పనికొచ్చే మాట రాగలదని అతనికి ఎన్నడూ తోచలేదు మరి.

"మీరు గెలిచారుగా. వెళ్ళి ఫోన్ చేసుకోండి. మేం సర్దుకుంటాం," అంది అక్క.

అతను ఒళ్ళు విరుచుకుని వసారాలోకి నడిచాడు. మాటలు లోపలికి వినిపిస్తున్నాయి. "ఏమీ లేదండీ, పెద్దాయన చాదస్తమంతే. బొమ్మలు పెద్దవి చేద్దాం. మెరిసే బిళ్ళలు పెడదాం." అలాగే చేశాడు కూడా. ఆ మెరిసే పెట్టెలు ఏమయ్యాయో బొమ్మల కొట్టాయన్ని అడగండి, నవ్వలేక చస్తాడు.

నాన్న కుంచె తీసి అక్క చేతికి ఇచ్చాడు. పడవ ముంచుకున్నందువల్ల అందరికన్నా వెనకబడింది అక్కే. అప్పుడు కానీ నాకు అర్థం కాలేదు, పడవ ఎందుకు ముంచుకుందో. అక్కకి ఆ కుంచె కావాలి.

అది పచ్చరంగు డబ్బా మూత తీసింది. నది ఇవతలి ఒడ్డున, కోటలకీ సంతకీ దూరంగా, ఒక చిన్న ఇల్లు వేయడం మొదలుపెట్టింది. గోడలు, కప్పు, కిటికీ. తొందరేమీ లేదు దానికి. రంగు ఇంత మందంగా పెడుతోంది.

"దారి వేయలేదేమే దానికి?" అంది అమ్మ.

"అక్కర్లేదమ్మా."

వసారాలో బావ చెప్పులు వేసుకుంటున్న చప్పుడు. "ఏమోయ్, బయల్దేరదామా? వాన తగ్గింది."

"మీరు వెళ్ళండి," అంది అక్క బోర్డు మీంచి తల ఎత్తకుండా. "నాకిక్కడ పనుంది."

"ఎంతసేపు?"

అక్క కుంచె ఎత్తి, తను వేసిన ఇంటిని ఒకసారి చూసుకుంది.

"ఆరేదాకా," అంది.

ఏది ఆరేదాకా అని అతను అడగలేదు. గెలిచిన హుషారులో బండి తీసి వెళ్ళిపోయాడు. నాన్న డబ్బా మూత బిగించాడు. బయట మళ్ళీ వాన అందుకుంది. ఆ కాలంలో అంత మందం రంగు ఎప్పటికారుతుందో మా ఇంట్లో అందరికీ తెలుసు.